కనాల్ దు మిదిలో ఒక రోజు: ట్రెబ్‌లో బయల్దేరి ఓంప్స్ చేరని కథ

చుక్కాని · తులూజ్ · ఆదివారం రాత్రి 10:14

అందరికీ నమస్కారం. ఈ విభాగంలో రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

మా పక్కింట్లో ఒక ఫ్రెంచి పెద్దాయన ఉన్నారు. డెబ్బై దాటాయి. రిటైరయ్యాక హాలండ్‌లో ఒక పాత ఇనప పడవ కొని, కాలువలూ నదులూ పట్టుకుని ఇక్కడిదాకా తానే నడిపి తెచ్చుకున్నారు. తొమ్మిదిన్నర మీటర్ల పడవ. రెండేళ్లుగా "ఒకరోజు రండి, రండి" అంటున్నారు, నిన్న శనివారం కుదిరింది. ఆయన, ఆయన భార్య, నేను, మా పన్నెండేళ్ల వాడు. మా ఆవిడ నీళ్లంటే భయమని రాలేదు గానీ పెద్ద డబ్బా నిండా పులిహోర కలిపి ఇచ్చింది. ఆయన్ని ఇక్కడ సరంగు గారు అంటాను.

దక్షిణ ఫ్రాన్సులో కనాల్ దు మిది అనే కాలువ మీద, ట్రెబ్ అనే ఊరి నుంచి ఓంప్స్ అనే ఊరికి వెళ్లాలని అనుకున్నాం. కాలువ వెంట దాదాపు 28 కిలోమీటర్లు. నేను ఫోన్లో లెక్క వేసి "నాలుగింటికల్లా చేరిపోతాం" అన్నాను. సరంగు గారు నవ్వి ఊరుకున్నారు.

ట్రెబ్‌లోనే మూడు లాకులు ఒకదాని కింద ఒకటి మెట్లలా ఉంటాయి. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లకి లాకంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. కాలువకి అడ్డంగా రాతి తొట్టి, దానికి ముందూ వెనకా తలుపులు. పడవ లోపలికి వెళ్లాక వెనక తలుపు మూస్తారు. ముందు తలుపు తూములు ఎత్తితే తొట్టిలో నీళ్లు దిగువకి పోతాయి, నీళ్లతో పాటే పడవా దిగుతుంది. దిగువ మట్టానికి రాగానే తలుపులు తెరుస్తారు. అంతే.

నా పని ముందు తాడు. గట్టు మీది ఇనప గుంజకి ఒక చుట్టు తిప్పి, కొస చేత్తో పట్టుకుని, పడవ దిగేకొద్దీ వదులుతూ ఉండాలి. సరంగు గారు రెండుసార్లు చెప్పారు, నాకు అర్థమైంది కూడా. మొదటి తొట్టిలో బాగానే చేశాను. రెండో దాంట్లో మా వాడు ఫోటో తీయమన్నాడు. ఒక్క నిమిషమే కదా అని తాడు కొసని పడవ కొక్కానికి ముడేశాను. చిన్నప్పుడు తాతగారింట్లో గేదెని కట్టడానికి నేర్చుకున్న ముడి. చెయ్యి ఇంకా మరిచిపోలేదు.

నీళ్లు దిగాయి. వెనక భాగం దిగింది. ముందు భాగం మాత్రం దిగలేదు. లోపల గిన్నెలన్నీ ఒక్కసారిగా జారిన చప్పుడు. గట్టు మీద నుంచి లాకు అమ్మాయి కేక.

మిగతాది రేపు. పొద్దున్నే ఆఫీసుంది.

గోదారి గట్టు · రాజమండ్రి · సోమవారం ఉదయం 5:50

బాబూ, మనుషుల్ని తొట్టిలో వేలాడదీసి నువ్వెళ్లి పడుకోవడం ఏం మర్యాద?

నేను ఇరిగేషన్‌లో 31 ఏళ్లు చేశాను. లాకులు తిప్పిన చెయ్యి ఇది. నువ్వు లాకు అమ్మాయి అన్నావే, మా దగ్గర ఆ ఉద్యోగం చేసేవాణ్ని లస్కరు అంటాం. ముడేసిన వాణ్ని మా లస్కర్లు అనే మాటలు ఇక్కడ రాయలేను.

నాకో సందేహం ఉంది, ముందు అది తీర్చు. మన డెల్టా కాలువకి ఆనకట్ట దగ్గర తలుపు ఎత్తితే నీళ్లు పల్లానికి పోతాయి, సముద్రం దాకా ఒకటే వాలు. మీ కాలువ అలా కాదట, మెట్ట ఎక్కి అవతల దిగుతుందట. మరి మెట్ట మీదికి నీళ్లు ఎవడు పోస్తున్నాడు?

అమ్మాజీ వంటిల్లు · విజయవాడ · సోమవారం ఉదయం 7:31

గిన్నెలు జారాయన్నారు. పులిహోర డబ్బా సంగతి చెప్పలేదు.

బర్మింగ్‌హామ్ బుల్లోడు · సోమవారం మధ్యాహ్నం 1:40

చుక్కాని గారూ, మీరు అదృష్టవంతులు. ఇక్కడ పడవలు లాకుల్లో మునిగిపోవడానికి రెండే రెండు కారణాలు చెప్తారు. ఒకటి మీరు చేసిందే. రెండోది గడప. దిగేటప్పుడు వెనక తలుపు కింద రాతి గడప ఒకటి ఉంటుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనపడదు. పడవ వెనక్కి జరిగి చుక్కాని దాని మీద కూర్చుంటే వెనక పైనే ఉండిపోతుంది, ముందు మునుగుతుంది. అందుకే ఇక్కడ లాకు గోడ మీద తెల్ల గీత గీస్తారు, ఆ గీత దాటి వెనక్కి రాకూడదు.

ఇంకో సంగతి. మీకు లస్కరమ్మ ఉంది, బటన్ నొక్కుతుంది. ఇంగ్లండ్‌లో ఎక్కువ చోట్ల లాకు మనమే తిప్పుకోవాలి. నా చేతికి ఒక ఇనప హ్యాండిల్ ఇచ్చి మా ఆవిడ స్టీరింగ్ దగ్గర కూర్చుంది. మా పెళ్లిలో అప్పగింతలప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు. ఇక్కడి పడవలు ఏడడుగుల వెడల్పే, పొడవు మాత్రం కొన్ని డెబ్బై అడుగులు. రైలు పెట్టెని కాలువలో వేసినట్టుంటుంది.

పైసా వసూల్ · హైదరాబాద్ · సోమవారం సాయంత్రం 6:22

కథ బాగుంది అన్నా. సూటిగా మూడు ప్రశ్నలు. లైసెన్స్ కావాలా? ఎంతవుతుంది? ఎప్పుడు రావాలి?

చుక్కాని · తులూజ్ · సోమవారం రాత్రి 9:47

అమ్మాజీ గారూ, డబ్బా క్షేమం. మూత బిగుతుగా పెట్టిన మా ఆవిడకే ఆ ఘనత. సరంగు గారి భార్య కాఫీ కప్పులు రెండు పోయాయి.

ఏం జరిగిందంటే, కేక వేస్తూనే ఆ అమ్మాయి తూములు మూసేసింది. నీళ్లు ఆగాయి గానీ తాడు వీణ తీగలా బిగుసుకుపోయింది. బరువు పడ్డాక ముడి ఎవరి తరమూ కాదు. సరంగు గారు చుక్కాని దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, తలుపు పక్కన ఒరలో ఉన్న కత్తి తీసి తాడు మీద పెట్టారు. కొయ్యలేదు, ఊరికే పెట్టారంతే. ఠప్పుమని తెగి ముందు భాగం ధబేలుమంది. అందరం తడిశాం. ఆ కత్తి అక్కడ ఎందుకు వేలాడదీశారో నాకు అప్పుడు తెలిసింది. పొద్దున పండ్లు కోసుకోవడానికేమో అనుకున్నాను.

ఆయన ఒక్క మాట అనలేదు. ఇంకో తాడు తెచ్చి నా చేతిలోనే పెట్టారు. మా వాడి చేతికి ఇస్తారని భయపడ్డాను.

మీరు అడగక ముందే చెప్తాను, ఈ లాకులు నిటారు గోడలవి కావు. కోడిగుడ్డులా మధ్యలో ఉబ్బుగా ఉంటాయి. మొదట్లో నిటారుగా కట్టిన గోడ మట్టి ఒత్తిడికి కూలిందట, అప్పటినుంచి వంపు గోడలు కట్టారు. వంతెన తోరణం పై బరువుని మోసినట్టు, ఈ వంపు పక్క బరువుని మోస్తుంది. గోడకి మంచిదే, తాడు పట్టేవాడికే కష్టం. పడవ సూటిగా ఉంటుంది, గోడ వంపుగా ఉంటుంది, ముందో వెనకో ఏదో ఒకటి గోడకి దూరంగా పోతూనే ఉంటుంది.

పైసా వసూల్ గారికి: అద్దె పడవకి లైసెన్స్ అక్కర్లేదు. కంపెనీవాళ్లు కాసేపు నేర్పి ఒక తాత్కాలిక కార్డు ఇస్తారు. సొంత పడవైతే పర్మిట్ తప్పదు. దానికి తోడు జలమార్గాల సంస్థకి రుసుము కట్టి పడవకి స్టిక్కర్ అంటించాలి. అద్దె వేసవిలో వారానికి వెయ్యి యూరోలు దాటుతుంది, పెద్ద పడవైతే చాలా దాటుతుంది. నలుగురైదుగురు పంచుకుంటే హోటలు ఖర్చు కలిసొస్తుంది. నాకైతే డీజిల్‌లో సగం, రెండు కప్పులు, ఒక తాడు. చలికాలంలో మరమ్మతులకి కాలువ మూసేస్తారు కాబట్టి ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపల రండి. జులై, ఆగస్టు మాత్రం వద్దు, లాకుల దగ్గర తిరుపతి క్యూ.

డెల్ఫ్ట్ దత్తు · నెదర్లాండ్స్ · సోమవారం రాత్రి 11:05

మా దగ్గర సొంత పడవకి కూడా 15 మీటర్ల లోపు, గంటకి 20 కిలోమీటర్ల వేగం దాటనిదైతే లైసెన్స్ గొడవ లేదు. ఇక్కడ లాకుల కంటే వంతెనలతోనే బాధ. ఊరూరా ఎత్తే వంతెనలు, మన కోసం కార్లన్నీ ఆపుతారు. ఆ కాసేపు మనం కలెక్టరు గారిలా ఫీలవ్వొచ్చు. కొన్ని చోట్ల వంతెన మనిషి గాలం కర్రకి కట్టిన చెక్క చెప్పు పడవ మీదికి దించుతాడు. అందులో చిల్లర వేయాలి. మొదటిసారి నాకు అర్థం కాక ఆ చెప్పుకి దండం పెట్టాను.

నిజం నిప్పు · విశాఖ · మంగళవారం ఉదయం 8:15

ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనే అడుగుతున్నా. రోజంతా 28 కిలోమీటర్లు. గట్టు మీద సైకిళ్లవాళ్లు దాటిపోతుంటారు. రెండు వైపులా చెట్లు, మధ్యలో ఆకుపచ్చ నీళ్లు. మొదటి గంట బాగుంటుంది. తర్వాత? నిజాయితీగా చెప్పండి.

చుక్కాని · తులూజ్ · మంగళవారం రాత్రి 10:30

నిజం నిప్పు గారూ, నిజాయితీగానే చెప్తున్నా. మొదటి గంట తాడు తెగింది కాబట్టి బోరు కొట్టే అవకాశం దొరకలేదు. రెండో గంటలో మీరన్నదే అనిపించింది. గంటకి 8 కిలోమీటర్లు దాటకూడదు, దాటితే అల లేచి గట్టు కోసుకుపోతుంది. మేం ఆరు, ఆరున్నరలో పోతున్నాం. ఒక ముసలావిడ కుక్కని నడిపిస్తూ మమ్మల్ని దాటేసింది. మా వాడు "నాన్నా, ఆవిడ మళ్లీ గెలిచింది" అన్నాడు, ఎందుకంటే ముందు మేం దాటాం, తర్వాత ఆగాం, మళ్లీ ఆవిడ దాటింది.

చెట్లన్నారు కదా, అదీ చెప్పాలి. ఈ కాలువ ఫోటోల్లో కనిపించే ప్లేన్ అనే పెద్ద చెట్ల పందిరి ఉందే, ట్రెబ్ దాటాక చాలా చోట్ల లేదు. 2006లో ఇక్కడికి దగ్గర్లోనే ఒక శిలీంధ్రపు తెగులు బయటపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నుంచి వచ్చిన మందుగుండు పెట్టెల చెక్కతో ఆ తెగులు యూరప్‌లో అడుగుపెట్టిందంటారు. మందు లేదు. పట్టిన చెట్టునీ చుట్టుపక్కల చెట్లనీ కొట్టి కాల్చేయడమే. మొత్తం కాలువ మీద 42 వేల చెట్లుండేవి. ఇప్పుడు మైళ్ల కొద్దీ గట్టు బోడిగా ఉంది, నడుము ఎత్తు కొత్త మొక్కలు. ఎండ నెత్తిన పడుతుంది. పడవ తాడుని చెట్టుకి కట్టడం నిషేధం, మేకులు దిగ్గొట్టుకోవాలి. నా ముడి చరిత్ర తెలిశాక సరంగు గారు మేకులు కూడా నాకు ఇవ్వలేదు.

మార్సెయెత్ అనే ఊరి లాకు దగ్గరికి 12:25కి చేరాం. 12:30కి లాకు మూస్తారు, గంటసేపు. అప్పుడే లోపలికి ఎదురుగా ఒక అద్దె పడవ ఎక్కింది. మేం బయట. లస్కరాయన చేతి గడియారం చూపించి, రెండు చేతులూ ఎత్తి, రొట్టె పట్టుకుని లోపలికి పోయాడు. నాకు కోపం వచ్చింది. సరంగు గారికి రాలేదు. ఆయన అప్పటికే బల్ల పరుస్తున్నారు.

అక్కడ పులిహోర తిన్నాం. సరంగు గారి భార్యకి ఇంగువ వాసన కొత్త. మూడుసార్లు పెట్టించుకున్నారు. అప్పుడు ఆవిడ చెప్పిన మాట మా కథలో అన్నిటికంటే నాకు నచ్చినది. ఆ ఊరి పక్కన ఒకప్పుడు పెద్ద ఉప్పు చెరువు ఉండేది, దాన్ని ఎండగట్టి పొలాలు చేశారు. నేల చవుడు. అందుకని వరి వేశారు, నీళ్లు నిలబెట్టి ఉప్పుని కడగడానికి. ఇప్పటికీ అక్కడ వరి పండుతుంది, ఊరి పేరుతోనే బియ్యం అమ్ముతారు. మా నాన్న కోనసీమ చివర చవుటి చెక్కలో సరిగ్గా ఇదే చేసేవారు. కాలువ గట్టు మీద నిలబడి చూశాను, చెట్ల సందుల్లోంచి ఏమీ కనపడలేదు, ద్రాక్ష తోటలే. అయినా చూశాను.

గోదారి గట్టు గారూ, మీ సందేహం మరిచిపోలేదు, సరంగు గారిని అడిగాను. ఆయన రుమాలు మీద బొమ్మ వేశారు.

కాలువ తులూజ్ నుంచి మధ్యధరా పక్కన తౌ అనే ఉప్పునీటి సరస్సు దాకా 240 కిలోమీటర్లు. తులూజ్ దగ్గర గరోన్ నది అట్లాంటిక్ వైపు పోతుంది. మధ్యలో నొరూజ్ అనే మెట్ట ఉంది, సముద్ర మట్టానికి 189 మీటర్లు. రెండు వైపుల నుంచీ పడవలు ఆ మెట్ట ఎక్కి దిగాలి. ఏ లాకు తెరిచినా ఒక తొట్టెడు నీళ్లు కిందికి పోతాయి, ఇటైనా అటైనా. అంటే మెట్ట నెత్తి మీద ఎప్పుడూ నీళ్లుండాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయారట. రికే అనే ఆయన, ఇంజినీరు కాదు, ఉప్పు పన్ను వసూలు చేసే గుత్తేదారు, దీన్ని విప్పాడు. ఉత్తరాన నల్లకొండలున్నాయి, అక్కడ వానలు బాగా పడతాయి. అక్కడి సెలయేళ్ల నీటిని పిల్ల కాలువలతో పట్టి, సాన్ ఫెరియోల్ దగ్గర మట్టికట్ట వేసి చెరువు నింపి, అక్కడి నుంచి వాలులోనే నొరూజ్ నెత్తికి తెచ్చాడు. ఎక్కడా తోడింది లేదు. రాజు ఆజ్ఞ 1666లో వచ్చింది, చెరువు 1672కి పూర్తయింది. కాలువ తెరిచింది 1681 మేలో. రికే అంతకు కొన్ని నెలల ముందే పోయాడు. సొంత ఆస్తంతా అందులో పోశాడు, అప్పులు పిల్లల నెత్తిన పడ్డాయి.

గోదారి గట్టు · రాజమండ్రి · బుధవారం ఉదయం 5:40

ఇప్పుడు అర్థమైంది. నెత్తిన చెరువు కట్టి రెండు వైపులకీ పంచాడు. పన్ను వసూలు చేసేవాడికి పంచడం కూడా వచ్చునన్నమాట.

ఒక సంగతి చెప్తాను, ఓపికుంటే చదవండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాటన్ దొర కాలువల్ని పొలాలకే కాదు, పడవలకీ తవ్వించాడు. ఆయనకి రైలు కంటే పడవ మీదే నమ్మకం ఎక్కువ. అందుకే డెల్టాలో ఇన్ని లాకులు. నా చిన్నప్పుడు మా మేనత్త గారి ఊరు కాలువ గట్టునే. వడ్ల పడవలు, కొబ్బరికాయల పడవలు వచ్చేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు భుజాన వేసుకుని వంగి లాగేవాళ్లు. రాదారి పడవలో మేం రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగేవాళ్లం. లాకు దగ్గర పడవ ఆగితే అందరూ లేచేవాళ్లు, టీ నీళ్లు అక్కడే. ఆ టీ కోసం నేను మేలుకొని ఉండేవాణ్ని.

సర్వీసులో చేరేసరికి పడవలు దాదాపు పోయాయి. తలుపులు తుప్పు పట్టినా రికార్డుల్లో నెలనెలా నూనె పూసేవాళ్లం.

మీ కాలువ మీద సరుకు పడవలు ఇంకా తిరుగుతున్నాయా?

చుక్కాని · తులూజ్ · బుధవారం మధ్యాహ్నం 12:50

లేదండీ. ఇక్కడా అదే కథ. గుర్రాలతో లాగే ప్యాసింజరు పడవలుండేవి. వరస లాకులొస్తే జనం దిగి నడిచి, అవతల సిద్ధంగా ఉన్న ఇంకో పడవ ఎక్కేవాళ్లట, టైము మిగలడానికి. 1857లో రైలు వచ్చింది. సరుకు పడవలు ఇంకో వందేళ్ల పైన ఈడ్చుకొచ్చి ఆగిపోయాయి. ఇప్పుడు మాలాంటి వాళ్లే.

నిజం నిప్పు · విశాఖ · బుధవారం మధ్యాహ్నం 1:15

అంటే కాటన్ దొర ఈ రికేని చూసి కాపీ కొట్టాడన్నమాట.

గోదారి గట్టు · రాజమండ్రి · బుధవారం మధ్యాహ్నం 1:22

ఆ మాట మా ధవళేశ్వరం గట్టు మీదికొచ్చి అను బాబూ.

నిర్వాహకుడు · బుధవారం మధ్యాహ్నం 2:00

కాటన్ దొర మీద చర్చకి చరిత్ర విభాగం ఉంది. తర్వాత వచ్చిన పదకొండు పోస్టులు అక్కడికి మార్చాను. ఇక్కడ పడవ ఓంప్స్ చేరనివ్వండి.

అమ్మాజీ వంటిల్లు · విజయవాడ · బుధవారం రాత్రి 8:45

అవును, చేరారా లేదా? శీర్షికలో చేరలేదని చెప్పేశారు గానీ ఎందుకో చెప్పలేదు.

చుక్కాని · తులూజ్ · బుధవారం రాత్రి 11:20

చెప్తాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి లాకు తెరిచారు. తర్వాత వరసగా ఫోన్‌ఫిల్ మూడు, సాన్‌మార్తాన్ రెండు, ఎగ్వీ రెండు, ప్యుషెరిక్ రెండు. ఎగ్వీ లాకు మీద పాత ఇనప ముక్కలతో చేసిన బొమ్మలుంటాయి. మా వాడు అక్కడే ఉండిపోతానన్నాడు. తాడు నేనే పట్టుకున్నాను, తొమ్మిది తొట్లలోనూ. అరచేతులు కమిలాయి. మధ్యలో ఒకసారి వెనక పడవలోని కొత్తవాళ్లు గుంజకి ముడి వేయబోతుంటే నేను తెలుగులోనే అరిచాను. వాళ్లు జర్మన్లు. ఆగిపోయారు.

ఐదున్నరకి లా రెదోర్త్ రేవు వచ్చింది. ఇంకా ఏడు కిలోమీటర్లు, ఒకే ఒక్క లాకు. వెలుగు తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. నేను మ్యాపు చూపించి "గంటన్నరలో ఓంప్స్" అన్నాను. సరంగు గారు ఇంజిన్ ఆపేశారు. రేవు పక్కన ఒక హోటల్లో ఆయన స్నేహితుడు కూర్చుని ఉన్నాడు, బల్ల మీద సీసా తెరిచి ఉంది. అదీ కారణం. వాదించడానికి ఫ్రెంచి సరిపోలేదు, నిజం చెప్పాలంటే కాళ్లూ సరిపోలేదు. రాత్రి పడవలోనే పడుకున్నాం.

కారేమో ట్రెబ్‌లో ఉంది. ఆదివారం పొద్దున సరంగు గారు పడవ కప్పు మీది మడత సైకిల్ విప్పి ఇచ్చారు. గట్టు వెంట వెనక్కి 21 కిలోమీటర్లు. ముందురోజంతా పట్టిన దారి గంటన్నరలో అయిపోయింది, నిజం నిప్పు గారు సంతోషించవచ్చు. మార్సెయెత్ దగ్గర ఒకసారి దిగి గట్టు ఎక్కి మళ్లీ వరి కోసం చూశాను. ఆ వైపు కాదట, తర్వాత తెలిసింది.

ట్రెబ్ లాకుల దగ్గర ఆ అమ్మాయే డ్యూటీలో ఉంది. హెల్మెట్ ఉన్నా గుర్తుపట్టింది. ఏమీ అనలేదు, చూపుడు వేలూ మధ్య వేలూ కత్తెరలా రెండుసార్లు ఆడించింది.

బర్మింగ్‌హామ్ బుల్లోడు · గురువారం ఉదయం 9:02

ఆ తెగిన తాడు ముక్క దాచుకున్నారా?

చుక్కాని · తులూజ్ · గురువారం ఉదయం 9:30

సరంగు గారు దాచారు. నా ముడితో సహా. పడవ తలుపు పక్కన, కత్తి కింద వేలాడదీశారు.

అమ్మాజీ వంటిల్లు · విజయవాడ · గురువారం ఉదయం 10:11

ఆ ఊరి బియ్యం దొరికితే ఒక అరకిలో పులిహోరకి వండి చూసి చెప్పండి. పొడిపొడిగా వస్తుందా, ముద్దవుతుందా?